కౌంటీ ఎలక్షన్‌లో నిలబడాలనుకుంటున్నారా? ముందు సేవ దగ్గర మొదలుపెట్టండి

అమెరికాలో ఉన్న మనవాళ్ళలో ఈమధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది, "నాకు కూడా లోకల్‌గా ఏదన్నా పదవికి పోటీ చేయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి" అని. వింటే చాలా సంతోషంగా ఉంటుంది నాకు. మా కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఒకరిద్దరు క్యాండిడేట్ల తరఫున వాలంటీర్‌గా కాళ్ళరిగేలా తిరిగాను, పోలింగ్ రోజు పోల్ వర్కర్‌గా కూర్చున్నాను, కాబట్టి చూసింది, తెలిసింది ఇక్కడ రాస్తున్నా. ముందే ఒక మాట చెప్పేస్తా. "కమ్యూనిటీ సర్వీస్ నా విలువ" అని ఫ్లయర్ మీద ప్రతి క్యాండిడేటూ వేసుకుంటాడు, దానికి ఒక్క ఓటు కూడా ఎక్కువ రాదు. ఎవరికి చేశారు, ఏం చేశారు, చేస్తుంటే కౌంటీ పని ఎక్కడ ఆగిపోతోందో మీ కంటికి ఏం కనపడింది, ఈ మూడోదానికి మీ దగ్గర జవాబు ఉంటే అదే మీ క్యాంపెయిన్. లేకపోతే ఇంకో ఏడాది ఆగి ఆ జవాబు సంపాదించుకోండి, ఎలక్షన్లు మళ్ళీ వస్తాయి.

అసలు కౌంటీ ఏం చేస్తుంది

మనకి ప్రెసిడెంట్ ఎవరో తెలుసు, సెనేటర్ పేరు కూడా తెలుస్తుంది, కానీ మన కౌంటీ కమిషనర్ (కౌంటీని నడిపే బోర్డు సభ్యుడు) ఎవరంటే పదిమందిలో తొమ్మిది మంది తెల్లమొహం వేస్తారు. మన రోజువారీ బతుకంతా మాత్రం అక్కడే ఉంది. ప్రాపర్టీ ట్యాక్స్‌లో ఒక భాగం, సిటీ లిమిట్స్ బయట రోడ్లు, షెరిఫ్, జైలు, కోర్టు బిల్డింగులు, హెల్త్ డిపార్ట్‌మెంట్, ఇంటి రికార్డులు, చాలాచోట్ల లైబ్రరీలు, పార్కులు, అంబులెన్సులు, చివరికి మనం ఓటేసే ఎలక్షన్ నడిపేది కూడా ఎక్కువ రాష్ట్రాల్లో కౌంటీయే.

దేశంలో 3,000కి పైగా కౌంటీలున్నాయి, ఒకదాని పద్ధతి ఇంకోదానికి ఉండదు. టెక్సస్‌లో 254 కౌంటీలు, ప్రతిదానికీ కమిషనర్స్ కోర్ట్ అని ఒకటి ఉంటుంది, పేరుకి కోర్టే గానీ నిజానికి అది కౌంటీని నడిపే బోర్డు, అందులో ఒక కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు. కాలిఫోర్నియాలో 58 కౌంటీలు, అక్కడ బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్, మామూలుగా ఐదుగురు, శాన్ ఫ్రాన్సిస్కోలో మాత్రం 11 మంది. న్యూజెర్సీలో 2020 దాకా ఫ్రీహోల్డర్లు అనేవాళ్ళు, 2021 నుంచి కౌంటీ కమిషనర్లు అంటున్నారు. లూసియానాలో కౌంటీని ప్యారిష్ అంటారు. కనెక్టికట్, రోడ్ ఐలాండ్‌లో అసలు కౌంటీ ప్రభుత్వమే లేదు, అక్కడున్నవాళ్ళు టౌన్ కౌన్సిల్ వైపు చూసుకోవాలి. సైజు సంగతి చూస్తే లాస్ ఏంజెలెస్ కౌంటీలో కోటి మంది దాకా ఉన్నారు, టెక్సస్‌లోని లవింగ్ కౌంటీలో 2020 జనాభా లెక్కల్లో వంద మంది కూడా లేరు. అందుకని జీతం ఎంత, ఫుల్‌టైమా పార్ట్‌టైమా అనేది ఎవరో చెప్పింది నమ్మకుండా మీ కౌంటీ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి.

కమిషనర్ ఒక్కటే పదవి కాదు. క్లర్క్, ట్రెజరర్, ట్యాక్స్ అసెసర్, కరోనర్ లాంటివి కూడా చాలాచోట్ల ఎన్నికతోనే వస్తాయి. మీ మనసంతా పిల్లల చదువు మీద ఉంటే మీరు చూడాల్సింది స్కూల్ బోర్డు, చాలా రాష్ట్రాల్లో దానికీ కౌంటీ బోర్డుకీ సంబంధం ఉండదు. రోడ్లు, హెల్త్, బడ్జెట్ మీద ఉంటే అప్పుడు కమిషనర్. ఏ కుర్చీ ఖాళీ అవుతోందని చూసి దూకేవాళ్ళని ఓటర్లు ఇట్టే పసిగడతారు.

మీరు అర్హులేనా

సిటిజన్ అయి ఉండాలి, ఓటరుగా రిజిస్టర్ అయి ఉండాలి, మీరు పోటీ చేసే డిస్ట్రిక్ట్‌లో లేదా ప్రెసింక్ట్‌లో (కౌంటీలో ఒక్కో సీటు కిందికి వచ్చే ప్రాంతం) రూల్ చెప్పినంత కాలం నివాసం ఉండాలి. ఈ తేదీల దగ్గర అజాగ్రత్త అస్సలు పనికిరాదు. దలీప్ సింగ్ సౌంద్ గారి సంగతే చూడండి, కాలిఫోర్నియా ఇంపీరియల్ కౌంటీలో 1950లో లోకల్ జడ్జి పదవికి గెలిచారు, కానీ సిటిజన్ అయి అప్పటికి ఏడాది నిండలేదని ఆ గెలుపు కొట్టేశారు. ఆయన మళ్ళీ 1952లో నిలబడి గెలిచి, 1956లో ఏకంగా కాంగ్రెస్‌కి ఎన్నికయ్యారు, భారత సంతతి నుంచి మొట్టమొదటి కాంగ్రెస్‌మన్ ఆయనే.

ఫెడరల్ ఉద్యోగం చేస్తున్నవాళ్ళు హ్యాచ్ యాక్ట్ చూసుకోవాలి, 1939 నాటి చట్టం అది, దాని ప్రకారం వాళ్ళు పార్టీ గుర్తు మీద జరిగే ఎన్నికల్లో నిలబడకూడదు. ప్రైవేట్ కంపెనీల్లో కూడా పోటీకి ముందు పర్మిషన్ తీసుకోవాలనే పాలసీ ఉంటుంది కొన్నింట్లో, హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడిగి జవాబు దాచుకోండి.

ఇక మన ఇళ్ళలో తప్పకుండా వచ్చే విషయం, వీసాల సంగతి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళు డొనేషన్ ఇవ్వొచ్చు. హెచ్1బి, హెచ్4, ఎఫ్1 మీద ఉన్నవాళ్ళు ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు, ఫెడరల్ ఎలక్షనే కాదు లోకల్ ఎలక్షన్‌కి కూడా అదే రూల్, వాళ్ళ డబ్బు ఇంకొకరి పేరు మీద ఇవ్వడం ఇంకా పెద్ద నేరం. జీతం తీసుకోకుండా వాలంటీర్‌గా ఫోన్లు చేయొచ్చు, తలుపులు తట్టొచ్చు, కానీ క్యాంపెయిన్ డబ్బు ఎలా ఖర్చుపెట్టాలి లాంటి నిర్ణయాల్లో కూర్చోకూడదు. సిటిజన్ కానివాళ్ళు డ్రైవర్ లైసెన్స్ ఆఫీసులో ఓటర్ రిజిస్ట్రేషన్ ఫారం పొరపాటున కూడా సంతకం పెట్టకుండా చూడండి, జీవితాంతం ఇమ్మిగ్రేషన్‌లో తిప్పలు పడాల్సి వస్తుంది. మీ కోసం పనిచేసే ప్రతి ఒక్కరికీ ఇవి మొదటిరోజే చెప్పాలి, మీ గెలుపు కోసం ఇంకో కుటుంబం ఇబ్బందిలో పడకూడదు కదా.

పోటీకి ముందు చేయాల్సిన పని

నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. మనవాళ్ళు సేవ చేయరని కాదు, బ్రహ్మాండంగా చేస్తారు, ఉగాది ఈవెంట్‌కి వెయ్యి మందికి భోజనాలు పెట్టగలరు, ఎవరికైనా ఆపద వస్తే ఒక్క రాత్రిలో డబ్బు పోగుచేయగలరు. కానీ అది మనలో మనకి చేసుకునే సేవ, పక్క వీధిలో ముప్పై ఏళ్ళుగా ఉంటున్న పెద్దావిడకి అది కనపడదు, ఆవిడ ఓటు కూడా మీకు కావాలి. అంతకన్నా ముఖ్యం, గెలిచాక మీరు ఆవిడకి కూడా కమిషనరే.

అందుకని మన గుంపు దాటి బయటికి రండి. అన్నిటికన్నా తేలికైన దారి పోల్ వర్కర్‌గా చేరడం, కౌంటీ వాళ్ళే ట్రైనింగ్ ఇస్తారు, ఎంతో కొంత డబ్బు కూడా ఇస్తారు, ఎలక్షన్ ఎలా నడుస్తుందో మొత్తం లోపలినుంచి తెలుస్తుంది (క్యాండిడేట్‌గా ఉన్న ఏడాది మాత్రం కుదరదు). తర్వాత కౌంటీ వెబ్‌సైట్‌లో బోర్డ్స్ అండ్ కమిషన్స్ అని ఒక పేజీ ఉంటుంది, లైబ్రరీ బోర్డు, పార్క్స్ అడ్వైజరీ బోర్డు, ప్లానింగ్ కమిషన్, వీటికి ఎన్నిక ఉండదు, అప్లై చేస్తే కమిషనర్లు నియమిస్తారు, అప్లై చేసేవాళ్ళు లేక ఖాళీగా ఉండే సీట్లు కూడా ఉంటాయి. ప్లానింగ్ కమిషన్‌లో రెండేళ్ళు కూర్చున్న మనిషికి కౌంటీ గురించి తెలిసినంత, పదేళ్ళు ఫేస్‌బుక్‌లో పోస్టులు పెట్టిన మనిషికి తెలియదు. తుఫానులు, టొర్నడోలు వచ్చే చోట సర్ట్ అని ఎమర్జెన్సీ రెస్పాన్స్ టీముల ట్రైనింగ్ ఉంటుంది, అదీ ఉచితమే. వాలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంట్, ఫుడ్ బ్యాంక్, కోర్టులో పిల్లల తరఫున నిలబడే కాసా వాలంటీర్, మీకు నచ్చింది ఒకటి పట్టుకోండి, ఒక్కటే పట్టుకోండి, కానీ వదలకుండా చేయండి.

చేస్తున్నప్పుడు కళ్ళు తెరిచి చూడండి. ఫుడ్ బ్యాంక్‌లో బాక్సులు సర్దుతున్నారు అనుకుందాం. నాలుగు నెలలు పోయాక మీకు ఒకటి తెలుస్తుంది, వచ్చేవాళ్ళ కన్నా రాలేనివాళ్ళు ఎక్కువ అని, ఎందుకంటే కారు నడపలేని వయసు, ఆ వైపు బస్సు లేదు, కౌంటీ వ్యాన్ సర్వీస్ బుక్ చేసుకోవాలంటే రెండు రోజుల ముందు ఫోన్ చేయాలి. ఇప్పుడు మీ దగ్గర ఊకదంపుడు ఉపన్యాసం కాకుండా ఒక నిజమైన విషయం ఉంది. ఆ వ్యాన్ సర్వీస్‌కి కౌంటీ ఎంత ఖర్చుపెడుతోంది, ఎన్ని వ్యాన్లు ఉన్నాయి, పక్క కౌంటీ ఎలా చేస్తోంది, ఇవి కనుక్కోండి. విలువలు అనేవి బడ్జెట్‌లో ఒక లైనుగా మారినప్పుడే పదవికి అర్థం ఉంటుందని నేను గట్టిగా నమ్ముతా.

హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ గారు మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారని (2023 జనవరిలో) మనందరం వాట్సాప్‌లో షేర్ చేసుకున్నాం, కానీ ఆవిడ రాజకీయాలకి ముందు మాంట్‌గోమరీ కౌంటీలో ఏళ్ళ తరబడి ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజినీర్‌గా పనిచేశారనే సంగతి షేర్ చేసినవాళ్ళు తక్కువ. రోడ్డు ఎలా వేస్తారో తెలిసిన మనిషి రోడ్డు గురించి మాట్లాడితే ఆ మాటకి బరువు వేరు.

ఫోటోల గురించి కూడా ఒక మాట. సేవ చేస్తూ ప్రతి పది నిమిషాలకి సెల్ఫీ పెట్టకండి, సాయం తీసుకునేవాళ్ళ మొహాలు అసలే పెట్టకండి. మీరు చేసింది పక్కనున్న వాలంటీర్ చెప్తేనే నమ్ముతారు జనం.

మీటింగులకి వెళ్ళండి, మూడు నిమిషాలు మాట్లాడండి

కమిషనర్ల మీటింగులు అందరికీ తెరిచే ఉంటాయి. కనీసం ఒక బడ్జెట్ సీజన్ మొత్తం వెళ్ళండి. వర్జీనియా, కాలిఫోర్నియాలో కౌంటీ ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది కాబట్టి అసలు చర్చలన్నీ అంతకుముందు నెలల్లోనే, టెక్సస్‌లో చాలా కౌంటీలకి అక్టోబర్ 1, అక్కడ ఎండాకాలమంతా బడ్జెట్ మీదే నడుస్తుంది. పబ్లిక్ కామెంట్‌లో సాధారణంగా రెండు మూడు నిమిషాలు ఇస్తారు. అందులో థ్యాంక్స్ చెప్పడానికే ఒక నిమిషం తినేయకండి. పేరు, ఏ ఏరియా, మీరు చూసిన ఒక్క సమస్య, మీరు అడుగుతున్న ఒక్క పని, అంతే. "మా ఫుడ్ బ్యాంక్‌కి రాలేకపోతున్న పెద్దవాళ్ళు ఉన్నారు, వచ్చే బడ్జెట్‌లో ఇంకో వ్యాన్‌కి ఎంతవుతుందో స్టాఫ్‌ని రిపోర్ట్ ఇవ్వమని అడుగుతున్నాను" అని చెప్పి కూర్చోండి. మళ్ళీ నెల వచ్చి ఆ రిపోర్ట్ ఏమైందని అడగండి. అలా వెళ్ళేవాళ్ళని కమిషనర్లు, క్లర్కులు, లోకల్ పేపర్ వాళ్ళు అందరూ గుర్తుపెట్టుకుంటారు.

లెక్కలు, కాగితాలు, డబ్బు

మీ సీటు ఎప్పుడు ఎన్నికకి వస్తుందో ముందు చూసుకోండి. టెక్సస్‌లో 1, 3 ప్రెసింక్ట్‌ల కమిషనర్లు ప్రెసిడెంట్ ఎన్నికల ఏడాదిలో, 2, 4 ప్రెసింక్ట్‌లు గవర్నర్ ఎన్నికల ఏడాదిలో, ప్రైమరీ (నవంబర్ ఎన్నికకి ముందు అభ్యర్థుల్ని వడగట్టే ఎన్నిక) మార్చిలో, నామినేషన్ మాత్రం అంతకుముందు నవంబర్ నుంచి డిసెంబర్ మధ్యలోనే అయిపోతుంది. జనవరిలో ఆలోచిద్దాంలే అనుకుంటే బస్సు వెళ్ళిపోయినట్టే. అక్కడ కమిషనర్‌కి నామినేషన్ ఫీజు పెద్ద కౌంటీల్లో 1,250 డాలర్లు, రెండు లక్షల లోపు జనాభా ఉంటే 750, దానికి బదులు ఓటర్ల సంతకాలు కూడా ఇవ్వొచ్చు. వర్జీనియాలో లౌడన్, ఫెయిర్‌ఫాక్స్ లాంటి చోట్ల బోర్డు మొత్తం 2023లో ఎన్నికైంది, మళ్ళీ 2027లో, బేసి సంవత్సరాలన్నమాట, నిలబడాలంటే మామూలుగా 125 మంది ఓటర్ల సంతకాలు కావాలి. కాలిఫోర్నియాలో సూపర్‌వైజర్ ఎన్నిక పార్టీలకి అతీతం, చాలా కౌంటీల్లో ప్రైమరీలోనే సగానికి పైగా వస్తే అక్కడితో గెలిచినట్టే, లేకపోతే మొదటి ఇద్దరు నవంబర్‌కి వెళ్తారు. సంతకాలు ఎక్కడైనా సరే కావాల్సినదానికి రెట్టింపు సేకరించండి, ఎందుకంటే అడ్రస్ మారినవాళ్ళు, డిస్ట్రిక్ట్ బయటివాళ్ళు, అసలు రిజిస్టరే కానివాళ్ళు ఉంటారు, అవన్నీ కొట్టేస్తారు.

ఎన్ని ఓట్లు కావాలనేది ఊహ మీద నడపకండి. ఇదే సీటుకి గతంలో ఇలాంటి ఏడాదిలోనే మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో కౌంటీ సైట్‌లో దొరుకుతుంది. ఉదాహరణకి 18,000 పడ్డాయనుకోండి, ఇద్దరే పోటీలో ఉంటే 9,001 గెలుపు, మీరు 10,000కి ప్లాన్ చేసుకోవాలి. ఇప్పుడు మీ డిస్ట్రిక్ట్‌లో తెలుగు ఓటర్లు ఎంతమంది, వాళ్ళలో పోయిన ప్రైమరీలో ఓటేసింది ఎంతమంది అని చూస్తే, మనవాళ్ళ ఓట్లతోనే గెలుస్తామనే భ్రమ ఆ రోజే పోతుంది. చాలా చోట్ల ఒక పార్టీకే బలం ఉంటుంది కాబట్టి అసలు గెలుపోటములు ప్రైమరీలోనే తేలిపోతాయి, ఆ ప్రైమరీకి వచ్చేవాళ్ళు తక్కువ, అందుకే కొన్ని వందల ఓట్లు కూడా ఫలితాన్ని తిప్పేయగలవు.

డబ్బు విషయంలో కఠినంగా ఉండండి. ఒక్క డాలర్ తీసుకునే ముందే మీ క్యాంపెయిన్ లెక్కలు చూసే ట్రెజరర్‌ని నియమించే కాగితం ఫైల్ చేయాలి, టెక్సస్‌లో అయితే ఇది ఖచ్చితమైన రూల్. ఐఆర్‌ఎస్ (ఫెడరల్ ట్యాక్స్ శాఖ) సైట్‌లో ఈఐఎన్ అనే ట్యాక్స్ నంబర్ ఉచితంగా వస్తుంది, దాంతో వేరే బ్యాంక్ అకౌంట్ తెరవండి, మీ సొంత అకౌంట్‌తో కలపొద్దు. ట్రెజరర్‌గా లెక్కల్లో నిక్కచ్చిగా ఉండే మనిషిని పెట్టుకోండి, బావమరిది అనో బెస్ట్ ఫ్రెండ్ అనో పెట్టకండి. టెక్సస్, వర్జీనియాలో కౌంటీ బోర్డు పోటీకి ఒకరు ఇంతే ఇవ్వాలనే లిమిట్ లేదు, కాలిఫోర్నియాలో ఉంది. ఇచ్చేవాళ్ళకి ముందే చెప్పండి, దీనికి ట్యాక్స్ మినహాయింపు రాదు, మనమిచ్చిన దానికి కంపెనీ కలిపే మ్యాచింగ్ కూడా రాదు.

గుడి, తెలుగు సంఘం స్టేజి మీద "మన క్యాండిడేట్‌ని గెలిపించండి" అని చెప్పించుకోవద్దు. వాటిలో చాలావరకు 501(సి)(3) సంస్థలు, అంటే ట్యాక్స్ మినహాయింపు ఉన్న సేవా సంస్థలు, 1954 నుంచి ఉన్న చట్టం ప్రకారం అలాంటి సంస్థలు ఏ అభ్యర్థికీ మద్దతు ప్రకటించకూడదు. అందరు అభ్యర్థుల్నీ సమానంగా పిలిచి ఒక సభ పెడితే మాత్రం తప్పులేదు, అది నిజంగా మంచి పని కూడా. ఇంకొకటి, మనసులో ఉన్నది చెప్పేస్తున్నా, మన కులం వాడు, మన జిల్లా వాడు అనే లెక్కలు ఇక్కడికి మోసుకురాకండి. సేవ పేరు చెప్పుకుని నిలబడేవాళ్ళు ఆ గ్రూపుల దగ్గర మొదటి చెక్కు తీసుకుంటే, ఆ పేరు అక్కడే పోతుంది.

తలుపు తట్టడం

లోకల్ ఎన్నికలో దీనికి మించింది లేదు. ఓటర్ లిస్టు కౌంటీ ఎలక్షన్ ఆఫీసులో గానీ పార్టీ ద్వారా గానీ దొరుకుతుంది, ఎవరు ఎవరికి వేశారన్నది ఎవరికీ తెలియదు గానీ ఏ ఎలక్షన్‌లో ఓటేశారు అనేది మాత్రం రికార్డులో ఉంటుంది. ప్రైమరీల్లో క్రమం తప్పకుండా వేసేవాళ్ళ ఇళ్ళకి ముందు వెళ్ళండి.

మీ పేరు పొడుగ్గా ఉందని మార్చుకోవద్దు, నిదానంగా స్పష్టంగా చెప్పండి చాలు. పేరు, ఇక్కడ ఎన్నాళ్ళుగా ఉంటున్నారు, ఏ పని చూసి నిలబడ్డారు, ఈ మూడు చెప్పి వెంటనే "మీ వీధిలో కౌంటీ చేయాల్సిన పని ఏదైనా ఆగిపోయిందా" అని అడిగి నోరు కట్టేసుకోండి. ఒకసారి మేము వెళ్ళిన ఇంట్లో ఒక పెద్దాయన ఫ్లయర్ చేతిలోకి కూడా తీసుకోలేదు, మమ్మల్ని ఇంటి ముందుకి తీసుకెళ్ళి కాలువ చూపించారు, డ్రైవ్‌వే కింద కల్వర్టు పైపు సగానికి పైగా మట్టితో పూడిపోయి గడ్డి మొలిచింది, గట్టి వాన పడితే నీళ్ళు గరాజ్ తలుపు దాకా వస్తాయట, గోడ మీద చార కూడా ఉంది. ఫోన్ చేస్తే కౌంటీ వాళ్ళు హెచ్‌ఓఏని (కాలనీలో ఇళ్ళవాళ్ళ సంఘం) అడగమంటారు, హెచ్‌ఓఏ వాళ్ళు కౌంటీని అడగమంటారు. మా క్యాండిడేట్ ఒకావిడ, ఆవిడ ఓటు మాటే ఎత్తలేదు, ఫోటో తీసుకుని, ఆ రాత్రి కౌంటీ రోడ్ల మ్యాప్‌లో ఆ వీధి కౌంటీ మెయింటెయిన్ చేసేదే అని కనుక్కుని, రోడ్ ఆఫీసుకి రాసి, వాళ్ళిచ్చిన వర్క్ ఆర్డర్ నంబర్ ఆయనకి మెసేజ్ పెట్టింది. అప్పటికి ఆవిడ ఇంకా గెలవలేదు, క్యాండిడేటే. ఆ పని చేయడానికి పదవి అక్కర్లేదు, ఓపిక కావాలి. తర్వాత ఆ వీధిలో ఆవిడ గురించి మేం చెప్పేకన్నా ఆయన చెప్పిందే ఎక్కువ.

కొన్ని చిన్న విషయాలు. మెయిల్ బాక్సుల్లో ఫ్లయర్లు పెట్టకండి, స్టాంపు లేకుండా అందులో ఏదైనా పెట్టడం ఫెడరల్ చట్టానికి వ్యతిరేకం, తలుపు దగ్గర పెట్టండి. రోడ్డు పక్క ప్రభుత్వ స్థలంలో సైన్లు పాతొద్దు, ఇంటివాళ్ళని అడిగి యార్డ్‌లో పెట్టండి. పోలింగ్ చోట ప్రచారం ఎంత దూరంలో ఆపాలో మీ రాష్ట్రం రూల్ చూసుకోండి, టెక్సస్‌లో 100 అడుగులు, వర్జీనియాలో 40, జార్జియాలో 150. ప్రకటనల మీద డబ్బు ఎవరు పెట్టారో రాయాలి, ఆ లైన్ మర్చిపోతే ఫైన్ పడొచ్చు.

మనవాళ్ళకి మాత్రం తెలుగులోనే ఫోన్ చేయండి. కొత్తగా సిటిజన్ అయిన చాలామందికి ప్రైమరీ అంటే ఏంటో, ఎర్లీ ఓటింగ్ ఎక్కడో తెలియదు, అడగడానికి మొహమాటపడతారు. వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ పెడితే చదివి వదిలేస్తారు, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "శనివారం పొద్దున నేను వెళ్తున్నా, మీరూ రండి" అంటే వస్తారు. వాళ్ళు మీకే వేయకపోయినా ఫర్వాలేదు, ఓటు వేయడం అలవాటైతే ఈ కౌంటీలో మన మాటకి విలువ వస్తుంది.

ఫలితం వచ్చాక, గెలిచినా ఓడినా, ముందు సైన్లన్నీ వారంలోగా తీయించండి. వాలంటీర్లకి, డబ్బిచ్చినవాళ్ళకి మీరే ఫోన్ చేసి చెప్పండి, గ్రూప్ మెసేజ్ చాలదు. చివరి ఫైనాన్స్ రిపోర్ట్ గడువు లోపల ఫైల్ చేయండి, ఓడినవాళ్ళు ఇది వదిలేసి తర్వాత ఫైన్లు కడుతుంటారు. తలుపుల దగ్గర రాసుకున్న కంప్లైంట్ల లిస్ట్ ఉంటుంది కదా, గెలిస్తే అదే మీ మొదటి నెల పని, ఓడితే గెలిచిన మనిషితో అపాయింట్‌మెంట్ తీసుకుని ఆ లిస్ట్ చేతికివ్వండి, వచ్చే నెల పబ్లిక్ కామెంట్‌కి కూడా పేరు రాయించుకోండి.